నవల చదివి అడవి దారి పట్టేవాళ్ళకు: తిరుపతి, చిత్తూరు కోనల్లో సాహసయాత్ర ఎలా చేయాలి

తిరుపతికి వచ్చేవాళ్ళలో చాలామంది కొండ ఎక్కుతారు, దండం పెట్టుకుంటారు, లడ్డూ సంచితో దిగిపోతారు. కొండ వెనకాల ఏముందో అడిగేవాళ్ళు తక్కువ. ఆ వెనకాల ఉన్నది శేషాచలం అడవి. 2010లో దీన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. విస్తీర్ణం 4,700 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిపాటి నేలలో ఇదొకటి. రాతి చీలికల్లో బంగారు బల్లి, చెట్ల మీద బెట్టుడుత, రాత్రిపూట దేవాంగపిల్లి తిరిగే చోటు.

అడవి నేపథ్యంగా ఉన్న నవల ఒకటి చదివి, పుస్తకం మూయగానే "ఇలాంటి చోటికి పోవాలి" అనిపించినవాళ్ళ కోసం ఈ మార్గదర్శి. నవలలో ఉన్న చోటే దొరకాలని బయలుదేరితే నిరాశే మిగులుతుంది. ఆ నవల నేర్పిన చూపుతో వెళ్తే మాత్రం గంట ప్రయాణంలో ఉన్న కోన కూడా చాలు. కింద చెప్పేదంతా ఈ నమ్మకం మీద నడుస్తుంది.

మొదటి అడుగు: పుస్తకాన్ని ప్రయాణం కోసం మళ్ళీ చదవండి

కథ కోసం ఒకసారి చదివే ఉంటారు. ఈసారి పెన్సిల్ పట్టుకుని కథ వదిలేసి చదవండి. నాలుగు విషయాల కింద గీతలు గీయండి. ఏ వేళ: తెల్లవారుజామా, మిట్టమధ్యాహ్నమా, రాత్రా. ఏ కాలం. నీళ్ళు ఎక్కడ ఉన్నాయి. పాత్రకు భయం వేసినప్పుడు ముందుగా వినబడింది ఏమిటి, కనబడింది ఏమిటి. ఈ గీతలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కిస్తే మీ యాత్ర సగం తయారైనట్టే. వేళ తెలిస్తే బయలుదేరే టైం తెలుస్తుంది, కాలం తెలిస్తే నెల తెలుస్తుంది.

ఏ పుస్తకం అనేది మీ ఇష్టం. ఈ ప్రాంతానికి సంబంధించి నేను ముందు చేతిలో పెట్టేది డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు'. ఆయన చిత్తూరు జిల్లా మనిషి. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి కనబడకుండా పోతే, దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ముసలాయన కథ ఇది. అంతా ఒక రోజులోపే జరిగిపోతుంది. అడవిని అందమైన దృశ్యంగా చూసేవాడికీ, అక్కడ పని ఉండి వెళ్ళేవాడికీ ఎంత తేడా ఉంటుందో ఆ ముసలాయన నడక చూస్తే అర్థమవుతుంది. ఆయన ప్రతి పొదనూ, ప్రతి అడుగుజాడనూ చదువుతాడు. మనం చూసేది ఫోటోకు పనికొచ్చే వాటినే.

రెండోది 'వనవాసి'. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవలకు తెలుగు అనువాదం. అందులోని అడవి బీహార్‌ది, మన కొండలతో సంబంధం లేదు. కలకత్తాలో చదువుకున్న కుర్రాడు ఉద్యోగం కోసం అడవికి వెళ్తాడు. అడవిని నరికి కౌలుకిచ్చే పనే అతని ఉద్యోగం, ఆ అడవినే ప్రేమిస్తాడు. మనకు నచ్చిన చోటును మనమే పాడుచేయగలం అన్న సంగతి టూరిస్టుకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

మూడోది నవల కాదు, కానీ నవలలాగే చదివిస్తుంది. కెన్నెత్ ఆండర్సన్ 1957లో ప్రచురించిన వేట పుస్తకంలో మామండూరు పులి కథ ఒకటి ఉంది. మామండూరు అంటే తిరుపతి నుంచి కడప రోడ్డులో వెళ్తే వచ్చే మన మామండూరే. అయితే పులి కనబడుతుందేమోనని వెళ్ళొద్దు. ఈ కొండల్లో ఇప్పుడు మనుషులకు ఎదురవుతున్న పెద్దపిల్లి చిరుత.

రెండో అడుగు: పుస్తకానికి తగిన చోటు

గీతలు గీసిన కాగితం ముందు పెట్టుకుని ఇప్పుడు చోటు వెతకండి.

పాత వేట కథల వాతావరణం కావాలంటే మామండూరు. ఆంగ్లేయుల కాలం నాటి అటవీ అతిథి గృహం, దగ్గర్లో చిన్న రైల్వే స్టేషను, చుట్టూ ఎర్రచందనం. పెద్ద నడక ఏమీ ఉండదు. సాయంత్రం కూర్చుని అడవి చప్పుళ్ళు వినడానికి వెళ్ళాలి. కాళ్ళకు పని చెప్పాలనుకునేవాళ్ళకు అక్కడ విసుగు పుడుతుంది, ముందే చెబుతున్నా.

నీళ్ళూ, పెద్ద చెట్లూ, తడి రాళ్ళూ ఉన్న కథ అయితే తలకోన. నెరబైలు దగ్గర, యర్రావారిపాళెం మండలంలో ఉంది. జలపాతం ఎత్తు 270 అడుగులు, రాష్ట్రంలో అంతకంటే ఎత్తైనది లేదని చెబుతారు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి, పైకి మెట్ల దారి. జలపాతం కంటే నాకు దారిలో కనబడే గిల్లతీగ ఇష్టం. మనిషి నడుమంత లావుతో చెట్టు నుంచి చెట్టుకు పాకి, ఏది తీగో ఏది మానో తెలియకుండా చేస్తుంది. చాలామంది దాన్ని ఊయలగా వాడి సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు. దాని మొదలు ఎక్కడుందో వెతకడానికి ఒక అరగంట పెట్టండి.

నీటి వెంబడే గంటల తరబడి నడవాలంటే వరదయ్యపాళెం మండలంలోని ఉబ్బలమడుగు. చెన్నై కుర్రాళ్ళు తడ జలపాతం అనేది దీన్నే. రాళ్ళ మీద నుంచి రాళ్ళ మీదికి, వాగు దాటుతూ సిద్ధులయ్య కోన దాకా వెళ్ళాలి. కాలు బెణికితే మోసుకు రావడానికి మనుషులు కావాల్సిన దారి ఇది. మొదటి యాత్రకే దీన్ని పెట్టుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళూ, పిల్లలూ కూడా వస్తామంటే పుత్తూరు వైపు నారాయణవనం దగ్గరున్న కైలాసకోన మేలు. ఎండాకాలంలో కూడా సన్నగానైనా నీళ్ళు పడుతుంటాయి, నడక తక్కువ.

చిత్తూరు వైపు వాళ్ళకు పలమనేరు, కుప్పం రోడ్డులో కైగల్ జలపాతం ఉంది. ఆ పక్కదంతా కౌండిన్య అభయారణ్యం, ఏనుగుల రాజ్యం. 1980ల్లో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడే ఉండిపోయాయి. జలపాతం చూసి రోడ్డుకు వచ్చేయండి. "ఇంకొంచెం లోపలికి పోదాం" అనేవాడు జట్టులో ఒకడు ఉంటాడు, వాడి మాట వినొద్దు.

కథలో పక్షులూ, నీటి మీద వెలుగూ ఎక్కువగా ఉంటే కొండలు వదిలేసి తూర్పుకు వెళ్ళండి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కడతాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగుతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్. సాహసం అంటే ఎక్కడమే అనుకునేవాళ్ళకు నచ్చదు గానీ, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి రెండు గంటలపాటు కదలకుండా కూర్చోవడం కూడా ఒక రకం సాహసమే.

ఇక అన్నిటికంటే పాతదీ, నా దృష్టిలో అన్నిటికంటే గొప్పదీ ముక్కోటి నడక. తిరుమల అడవిలోని కొన్ని తీర్థాలకు ఏడాదికొక్క రోజే దారి తెరుస్తారు. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. తుంబురు దారి పాపవినాశనం నుంచి మొదలవుతుంది. ఒకవైపే ఏడు కిలోమీటర్ల పైన నడక. చివర్లో రెండు నిలువు బండల మధ్య ఇరుకు చీలికలో, నడుము లోతు చల్లటి నీళ్ళలో, పైన గీతలా కనబడే ఆకాశం చూసుకుంటూ వెళ్ళాలి. ఏ నవలా రచయితా కల్పించనక్కరలేని చోటు అది. దేవస్థానం వాళ్ళే తాగునీళ్ళు, అన్నం పొట్లాలు ఇస్తారు, దారి పొడుగునా మనుషులను పెడతారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళను రావద్దంటారు, ఆ మాట పట్టించుకోండి. పంచాంగం చూసి తేదీ ముందే గుర్తు పెట్టుకుని, ఆ ఏడాది ఏ టైం దాకా లోపలికి వదులుతారో దేవస్థానం ప్రకటనలో చూసుకోండి. పక్కన వేలమంది ఉంటారు. ఏకాంతం కావాలనుకునేవాళ్ళు గుంపు కంటే ముందే, దారి తెరిచిన వెంటనే బయలుదేరాలి.

మూడో అడుగు: నెల

మన దగ్గర కోనలకు ప్రాణం పోసేది ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు, నవంబరుల్లో వానలు దంచుతాయి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాగుల్లో నీళ్ళుంటాయి, దారులు ఆరి ఉంటాయి. ఆ మూడు నెలలే యాత్రకు సరైనవి. నవంబరులో వాయుగుండం అన్న మాట వార్తల్లో వినబడితే టికెట్లు రద్దు చేసుకోండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతీ, ఆ తర్వాత ఘాట్ రోడ్డు మీదికి బండలు దొర్లిన సంగతీ ఇక్కడివాళ్ళు మరచిపోలేదు.

మార్చి నుంచి అడవి ఎండిపోయి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెకింగ్‌కు వెళ్ళినవాళ్ళు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. మన కొండల్లోనూ ఎండిన బోదగడ్డి అలాగే అంటుకుంటుంది. నవలలో పాత్రలు ఎండాకాలంలోనే నడిచినా సరే, మీరు నడవొద్దు. దేవస్థానమే దారి తెరిచే తుంబురు రోజు ఒక్కటే దీనికి మినహాయింపు.

నాలుగో అడుగు: అనుమతి

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి. శేషాచలంలో ఎక్కువ భాగం మనకు మూసి ఉన్న అడవి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, అభయారణ్యాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టడమే నేరం. దీనికి తోడు ఎర్రచందనం దొంగరవాణా. 2015 ఏప్రిల్‌లో ఈ కొండల్లో జరిగిన కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. ప్రత్యేక టాస్క్‌ఫోర్స్, బేస్ క్యాంపులు, రాత్రి గస్తీ ఇవన్నీ ఆ దొంగరవాణాను ఆపడానికే. వీపున సంచితో, చేతిలో కత్తితో, దారి కాని దారిలో కనబడిన కుర్రాళ్ళ గుంపును వాళ్ళు ఏమనుకోవాలి? "మేం ట్రెకింగ్ సార్" అని చెప్పేలోపే సగం రోజు రేంజ్ ఆఫీసులో గడిచిపోతుంది. అదృష్టం బాగోలేకపోతే కేసు.

కాబట్టి క్రమం ఇది. టికెట్ ఇచ్చి లోపలికి వదిలే చోట్లు, అంటే తలకోన, మామండూరు, ఉబ్బలమడుగు లాంటివి, ముందు పెట్టుకోండి. అవి కూడా వానలప్పుడో, నిప్పు భయం ఉన్నప్పుడో మూసేస్తారు గనుక బయలుదేరే ముందురోజు ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేయండి. ఇవి కాక వేరే దారి కావాలంటే, ఏ ఊరి నుంచి ఏ కోన దాకా, ఎంతమంది, ఏ తేదీ, ఎందుకు అన్నది ఒక పేజీలో రాసి, ఆధార్ నకళ్ళు జతచేసి తిరుపతి డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ కార్యాలయంలో ఇవ్వండి. కాదంటే కాదనే. అక్కడితో వదిలేయండి. సోషల్ మీడియాలో వీడియో పెట్టినవాడు వెళ్ళాడు కదా అని వెళ్ళడం అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ. వాడు అనుమతి తీసుకున్నాడో లేదో ఆ వీడియోలో ఉండదు.

అలిపిరి, శ్రీవారి మెట్టు దారులకు అనుమతి అక్కర్లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉంటాయని లెక్క. అయినా 2023లో ఆ దారిలో చిరుత దాడికి ఒక పాప బలైంది. తర్వాత పిల్లలతో నడిచేవాళ్ళకు వేళల ఆంక్షలు పెట్టారు. ఇవి మారుతుంటాయి, వెళ్ళేరోజు కనుక్కోవాలి.

ఐదో అడుగు: తోడు

నలుగురి నుంచి ఆరుగురు. ముగ్గురికి తగ్గితే, ఒకరికి దెబ్బ తగిలినప్పుడు ఒకరు తోడుండి ఇంకొకరు సాయానికి వెళ్ళే వీలు పోతుంది. ఎనిమిది దాటితే ఎవరూ అడవిని వినరు, ఒకరినొకరు వింటారు. పుస్తకం అందరూ చదివి ఉండాలన్న నియమం పెట్టుకుంటే గుంపు దానంతటదే చిన్నదవుతుంది.

స్థానికుడైన దారి చూపేవాడు తప్పనిసరి. వన సంరక్షణ సమితుల్లో పనిచేసేవాళ్ళు, తేనె, కుంకుడుకాయలు, చింతపండు ఏరుకునేవాళ్ళు దొరుకుతారు. డబ్బు ముందే మాట్లాడుకోండి, తర్వాత బేరం చేయొద్దు. ఆయనను "పెద్దాయనా" అనో "అన్నా" అనో పిలవండి, ఆయన వెనకే నడవండి, ముందు కాదు. "ఈ పొద్దు పైకి వద్దులే సార్, నీళ్ళ రంగు మారింది" అంటే ఎంత దూరం నుంచి వచ్చినా అక్కడే వెనక్కి తిరగాలి. పై కొండల మీద వాన పడితే కింద ఎండగా ఉన్నప్పుడే వాగు పొంగుతుంది. నీళ్ళు బురద రంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం దాని తొలి గుర్తులు.

ఆరో అడుగు: సంచి

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలకు కట్టుకునే లైటు, ఈల, క్రేప్ బ్యాండేజీ, మీరు రోజూ వాడే మందులు, జారని బూట్లు, నిండు చేతుల చొక్కా. చెప్పులతో రావొద్దు, తడి బండ ఎవరినీ క్షమించదు. తిండికి పులిహోర బాగుంటుంది, సాయంత్రం దాకా చెడదు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకోండి. కవర్లో పెడితే తలకోన కోతులు మీ కంటే ముందు భోంచేస్తాయి. సెంటు కొట్టుకోవద్దు, పొగ పెట్టొద్దు. బండల అంచున వేలాడే పెద్ద తేనెపట్లకు రెండూ పడవు. అవి లేస్తే నీళ్ళలోకి దూకడం కంటే తల కప్పుకుని ఆ చోటు వదిలి పరుగెత్తడమే మంచిది. మద్యం సంగతి చెప్పక్కర్లేదు, గేటు దగ్గర సంచి తనిఖీ చేస్తారు.

ఏడో అడుగు: ఆ రోజు

తలకోననే ఉదాహరణగా తీసుకుందాం. తెల్లవారుజామున ఐదున్నరకు తిరుపతి వదలండి. రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ ఎక్కి నెరబైలు వైపు తిరగాలి. ఘాట్‌లో మలుపులు ఎక్కువ, తొందరపడొద్దు. ఆర్టీసీ బస్సులు తక్కువ, బస్సులో వెళ్ళేవాళ్ళు తిరుగు బస్సు టైం కండక్టర్‌నే అడిగి రాసుకోండి. ఏడున్నరకల్లా గేటు దగ్గరుంటే గుంపు రాకముందు రెండు గంటలు మీవే.

మొదటి అరగంట ఎవరూ మాట్లాడొద్దు. ఇది మొక్కు కాదు, పద్ధతి. మాటలు ఆగిన కాసేపటికి పక్షులు మళ్ళీ కూస్తాయి, బెట్టుడుత కొమ్మ మార్చిన చప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు కాగితం తీయండి. మీ నవలలో గీత గీసిన వాటిలో ఒక్కటి మాత్రం ఎంచుకుని దాన్నే వెతకండి. అడుగుజాడలు అనుకుంటే అడుగుజాడలు, నీటి చప్పుడు అనుకుంటే అది దగ్గరయ్యే కొద్దీ ఎలా మారుతుందో వినడం. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు. జలపాతం దగ్గర మడుగులోకి దూకడం మాత్రం వద్దు. నీటి అడుగున బండలుంటాయి, పైనుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం రెండుకల్లా కిందికి దిగడం మొదలుపెట్టాలి. కోనలో చీకటి ఊళ్ళో కంటే గంట ముందే పడుతుంది.

పుస్తకం అడవికి తీసుకెళ్ళాలా అని అడిగేవాళ్ళుంటారు. సంచిలో ఉండనివ్వండి, తెరవొద్దు. ముందురోజు రాత్రి ఒక అధ్యాయం చదవండి, తిరిగొచ్చిన రాత్రి అదే అధ్యాయం మళ్ళీ చదవండి. కోనలో కూర్చుని చదివితే కళ్ళు పేజీ మీదే ఉంటాయి, ఇంత దూరం వచ్చింది అందుకు కాదు కదా.

దారిలో ఇంకో పుస్తకం కూడా ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన భూగర్భ శాస్త్ర విభాగం బోర్డు పెట్టిన చోట, కింద ఒక రకం రాయి, దాని మీద ఇంకో రకం రాయి గీత గీసినట్టు కలుస్తాయి. ఆ గీత మందం చెయ్యంత కూడా ఉండదు. ఆ రెంటి మధ్య జరిగిపోయిన కాలం మాత్రం యాభై కోట్ల ఏళ్ళకు తక్కువ కాదు. పైన శిలాతోరణం ఉన్నది ఆ పైరాతిలోనే. ఘాట్‌లో బండి ఆపనివ్వరు కాబట్టి బస్సు కిటికీ పక్క సీటు పట్టుకోండి.

ఎనిమిదో అడుగు: ఏదైనా జరిగితే

పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని రోడ్డుకు చేర్చి 108కు ఫోన్ చేయండి. విషానికి విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది, తిరుపతిలో అయితే రుయా. పామును చంపి తీసుకెళ్ళాల్సిన పని లేదు. నాటుమందు పేరుతో పోయే గంట తిరిగి రాదు.

ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తొద్దు, దాన్ని చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. ఏనుగు అయితే లెక్క వేరు, అది కనబడిన దూరం నుంచే తప్పుకోవాలి, ఫోటో కోసం ఆగకూడదు. సెల్ సిగ్నల్ కోనల్లో ఉండదు. అందుకని ఇంట్లో ఒకరికి ఒక చీటీ ఇచ్చి వెళ్ళండి: ఏ చోటు, ఏ బండి నంబరు, దారి చూపేవాడి ఫోను, ఎన్ని గంటలు దాటితే ఎవరికి కబురు చేయాలి. అమ్మకు టెన్షన్ ఎందుకని చెప్పకుండా వెళ్ళేవాళ్ళే ఆ అమ్మను పోలీస్ స్టేషన్ దాకా నడిపిస్తారు.

తిరిగొచ్చాక

చెత్త మీతోపాటే రావాలి, మీది కానిది కూడా రెండు సీసాలు ఏరుకొస్తే ఇంకా మంచిది. ఫోటోలు పెట్టండి, కానీ దేవాంగపిల్లి కనబడిన చెట్టు, గూడు ఉన్న కొమ్మ, ఎర్రచందనం గుంపుగా ఉన్న చోటు లొకేషన్‌తో సహా పెట్టొద్దు. అవి చూసేవాళ్ళందరూ నవలలు చదివేవాళ్ళు కారు. చీటీ ఇచ్చిన మనిషికి ఇల్లు చేరినట్టు చెప్పండి. దారి చూపినాయన నంబరు పేరుతో సహా సేవ్ చేసుకోండి, డిసెంబరు వచ్చే ముందే ఆయనకు ఫోన్ చేసి వాగులో నీళ్ళెలా ఉన్నాయో అడగొచ్చు.